డర్హము గనికార్మికులును లేబరు పార్టీయును



ఇంగ్లండు దేశమున లేబరు పార్టీ, అనగా కార్మికుల పేరనే వెలసిన రాజకీయ పక్షము, ఆ కార్మికులనే ఎట్లు పోగొట్టుకొనెనో ఈ ప్రసంగమున మీకు మనవి చేయ దలచితిని. పరదేశపు పార్టీ గొడవ మనకేల యని మీలో కొందఱు అనుకొనవచ్చును. ఆ పార్టీకిని మా యింటికిని ఒక చిన్న సంబంధము కలదు. దానిని మొదట చెప్పి పిమ్మట చరిత్రలోనికి పోయెదను.

మా తండ్రిగారు గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయులు. 1945 జూలై 26వ తేదీన ఇంగ్లండు ఎన్నికల ఫలితములు వెలువడెను. చర్చిలు ఓడెను, క్లెమెంటు అట్లీ నాయకత్వమున లేబరు పార్టీ 393 స్థానములు గెలిచెను. ఆ వార్త గల పత్రిక మా యూరి గ్రంథాలయమునకు రెండు దినములు ఆలస్యముగా వచ్చెనట. మా తండ్రిగారు దానిని అరుగుమీద నిలిచి బిగ్గరగా చదివి, పిల్లలకు పటికబెల్లము పంచిరట. నేనప్పటికి పుట్టలేదు. ఆయన ముదిమిలో ఈ ముచ్చట పలుమారు చెప్పగా వింటిని. మన స్వాతంత్ర్యము మన ప్రజలు సాధించుకొన్నదే. ఒకరు దయతో ఇచ్చినది కాదు. అయినను 1947 ఫిబ్రవరి 20వ తేదీన, భారతదేశమున అధికారమును భారతీయులకే అప్పగించి పోయెదమని పార్లమెంటులో ప్రకటించినది అట్లీ ప్రభుత్వమే. అంతకు నలువది యేండ్లు పూర్వము, 1907లో, ఆ పార్టీ మూలపురుషుడైన కెయిర్ హార్డీ మన దేశమునకు వచ్చి తిరిగి చూచి, ఈ ప్రజలకు స్వపరిపాలన కావలెనని పలికి, తెల్లదొరల ఆగ్రహమునకు పాత్రుడయ్యెను. మా తండ్రిగారు అట్లీ బొమ్మను పత్రికనుండి కత్తిరించి తమ లెక్కల పుస్తకపు అట్టలోపల అంటించుకొనిరి. ఆ పుస్తకము ఇప్పటికిని నా యొద్ద నున్నది.

కనుక 2019 డిసెంబరులో లేబరు పార్టీ 202 స్థానములకు దిగిపోయినదని చదివినప్పుడు నాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. 1935 తరువాత ఆ పార్టీకి అంత తక్కువ వచ్చుట అదే మొదలు. పార్టీలు ఓడుట వింత గాదు. ఓడించినవారెవ్వరన్నదే నన్ను కలచినది. బొగ్గుగనుల పల్లెలు, ఉక్కు కార్ఖానాల పట్టణములు, తాతల నాటినుండి ఆ పార్టీకి తప్ప అన్యమునకు ఓటు వేయనివారు, వారే దానిని విడిచిరి. ఇది ఎట్లు జరిగెనో తెలిసికొనవలెనని చదువ నారంభించితిని. దేశమంతటిని గూర్చి చెప్పబోయిన ఏదియు తేలదు. కావున ఒక్క సీమను పట్టుకొనెదను. దాని పేరు డర్హము.

డర్హము ఇంగ్లండునకు ఈశాన్యమున సముద్రపుటొడ్డున నున్న జిల్లా. నడుమ వియరు అను నది. నది మలుపున కొండపై తొమ్మిది వందల యేండ్ల నాటి పెద్ద దేవాలయము. చుట్టును భూమి క్రింద బొగ్గు. మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు ఆ ఒక్క జిల్లాలో లక్షన్నరకు పైబడి మనుష్యులు గనులలో పనిచేయుచుండిరి. మన కొత్తగూడెము, ఎల్లందు ప్రాంతములవారికి బొగ్గుబావి యన నేమో వేరుగ చెప్ప నక్కఱలేదు. తక్కినవారు ఇట్లు ఊహించుకొనుడు. ఒక బావి. బావి చుట్టును యజమాని కట్టించిన ఇటుక యిండ్ల వరుసలు. ఊరిలో ఆ బావి తప్ప వేరు జీవనాధారము లేదు. తాత దిగిన బావిలోనే మనుమడును దిగును. పైకప్పు కూలినను, విషవాయువు మండినను, ఊరంతయు ఒక్కసారి ఏడ్చును. 1951 మే నెలలో ఈజింగ్టను అను గనిలో ప్రేలుడు సంభవించి, రక్షింపబోయిన యిద్దఱితో కూడ 83 మంది మరణించిరి.

అట్టి ఊళ్లలో మూడు నాలుగు వ్యవస్థలు తప్పక యుండెడివి. గనికార్మిక సంఘపు శాఖ ఒకటి. మెథడిస్టు ప్రార్థనామందిరము ఒకటి. సభ్యులే యజమానులైన సహకార దుకాణ మొకటి. పత్రికలు చదువుకొను పఠనాలయ మొకటి. సంఘపు శాఖలో లెక్కలు వ్రాయుట నేర్చినవాడు సహకార దుకాణమున కార్యదర్శి యగును. ప్రార్థనామందిరమున మాటలాడుట నేర్చినవాడు సమ్మెలో ఉపన్యసించును. ప్రతి శాఖకును పట్టుతో చేసిన ఒక పెద్ద పతాకము. ఏటేట జూలై నెలలో ఒక శనివారము ఈ పతాకములన్నియు బ్యాండుమేళములతో డర్హము పట్టణమునకు ఊరేగి వచ్చును. ఆ యేడు ఏ గనిలోనైన చావు కలిగినచో దాని పతాకమునకు నల్లని గుడ్డ కట్టుదురు. 1871లో మొదలైన ఈ యుత్సవమును వారు గాలా యందురు; మన తిరునాళ్ల వంటిది.

ఈ ప్రజలు మొదటినుండియు లేబరు పార్టీవారు కారు. ఇది ముఖ్యము, ఏలయన మన కథకు ఇదియే కీలకము. పందొమ్మిదవ శతాబ్దమున వారి ఓట్లు లిబరలు పార్టీవి. డర్హము గనికార్మికుల నాయకుడు జాన్ విల్సను తాను మరణించిన 1915 వఱకు లిబరలుగనే పార్లమెంటులో కూర్చుండెను. అయితే లిబరలు పార్టీ స్థానిక సంఘములలో మిల్లు యజమానులు, వకీళ్లు, వర్తకులు కూర్చుండెడివారు. వారు కార్మికుని ఓటు కోరుదురు; కార్మికుడు అభ్యర్థిగా నిలువబోయిన మొగము చిట్లింతురు.

1888లో స్కాట్లండునందు మిడ్ లానర్కు అను చోట ఒక ఉపయెన్నిక వచ్చెను. పదేండ్ల వయస్సుననే గనిలోనికి దిగిన కెయిర్ హార్డీ, తనను అభ్యర్థిగా నిలుపుడని లిబరలు సంఘము నడిగెను. వారు అతనిని కాదని ఒక బారిష్టరును నిలిపిరి. హార్డీ స్వతంత్రుడుగ పోటీచేసెను. వచ్చిన ఓట్లు 617. నవ్వులపాలయినట్లే లెక్క. కాని పన్నెండేండ్లు గడచినవి. 1900 ఫిబ్రవరిలో లండనునందు ఫారింగ్డను వీధిలోని మెమోరియల్ హాలున కార్మిక సంఘముల ప్రతినిధులును సోషలిస్టులును సమావేశమై, కార్మికులను పార్లమెంటునకు పంపుటకై ఒక సమితిని స్థాపించిరి. 1906లో 29 మంది గెలిచిరి. సమితి లేబరు పార్టీ యను పేరు ధరించెను. 1909లో గనికార్మికుల మహాసంఘము లిబరలులను విడిచి అందులో చేరెను. ఆ 1906లోనే సుమారు నాలుగు వందల స్థానములతో దేశమేలిన లిబరలు పార్టీకి 1924లో మిగిలినవి నలువది. అనగా, పాత పార్టీ తన ఓటర్లకు కుర్చీ వేయ నిరాకరింపగా, ఆ నిరాకరణమునుండి లేబరు పార్టీ పుట్టినది.

డర్హమున దాని తొలిఫలము చూడుడు. 1919లో జిల్లా కౌన్సిలు లేబరు పార్టీ వశమయ్యెను. అధ్యక్షుడు పీటర్ లీ. ఇతడును పదేండ్లకే గనిలోనికి దిగినవాడు. యౌవనము వచ్చిన పిమ్మట చదువు నేర్చుకొని, మెథడిస్టు బోధకుడై, సంఘనాయకుడయ్యెను. ఇతడు పట్టుపట్టి సాధించిన పనులలో మొదట చెప్పదగినది గనిపల్లెలకు మంచినీరు. తన తల్లి, తన భార్య బావినుండి నీళ్లు మోసినది చూచినవాడు కావున అతనికి ఆ పని ముందు తోచెను. అతని పేరను ఆ జిల్లాలో పీటర్లీ అను క్రొత్త పట్టణము వెలసినది. లేబరు పార్టీ 1922లో కౌన్సిలును కోల్పోయి, 1925లో మరల గెలిచి, అది మొదలు దాదాపు నూఱేండ్లు దానిని చేజార నీయలేదు.

అట్లని ఆ గనివాండ్రు బయటివారిని రానీయలేదనుకొనరాదు. సముద్రతీరమున సీహము అను నియోజకవర్గము కలదు. 1922లో అచటివారు సిడ్నీ వెబ్బును పార్లమెంటునకు పంపిరి. ఆయన లండను పండితుడు. ఎన్నడును పార పట్టి యెఱుగడు. 1918 నాటి పార్టీ నియమావళిలో, ఉత్పత్తి సాధనములు సమష్టి సొత్తు కావలెనను ప్రసిద్ధమైన నాలుగవ నిబంధనను రచించినవాడు ఆయనయే. కాని సీహము వారు పిలిచినప్పుడు ఆయన వారి సంఘశాఖల ముందు నిలిచెను. డర్హము గనికార్మికుల చరిత్రను ఒక పుస్తకముగ వ్రాసి వారి చేతికిచ్చెను. ఆయన భార్య బియాట్రిసు ఆ నియోజకవర్గపు స్త్రీలకు లండను సంగతులు తెలుపుచు వరుసగా జాబులు వ్రాయుచుండెను. ఓటరునకు లెక్క యొప్పజెప్పవలె ననునది వారికి తెలిసిన మర్యాద.

వెబ్బు తరువాత 1929లో అదే స్థానమున రామ్సే మాక్డొనాల్డు నిలిచి గెలిచి రెండవసారి ప్రధానమంత్రి యయ్యెను. రెండేండ్లకు దేశమున ధనసంకట మేర్పడెను. నిరుద్యోగులకిచ్చు భృతిని నూటికి పది వంతున తగ్గింపవలెనని వడ్డీ వ్యాపారులును బ్యాంకులవారును ఒత్తిడి చేసిరి. మంత్రివర్గము రెండుగ చీలెను. 1931 ఆగస్టులో మాక్డొనాల్డు తన పార్టీని విడిచి కన్సర్వేటివులతో కూడి జాతీయ ప్రభుత్వమని యొకటి ఏర్పఱచెను. తరువాతి యెన్నికలలో లేబరు పార్టీ 287 స్థానములనుండి 52 స్థానములకు పడిపోయెను. సీహమున మాత్రము మాక్డొనాల్డు ఆ సారి గెలిచెను. పాత గౌరవము అంత త్వరగ పోదు. నాలుగేండ్లు గడచినవి. 1935లో ఆ గనివాండ్రే మాన్యుయల్ షిన్వెల్ అను దర్జీపని చేసి పెరిగిన యూదుని నిలిపి, దేశమునకు ప్రధానిగా నుండిన మనుష్యుని ఇరువది వేలకు పైబడిన ఓట్లతో ఓడించిరి. పన్నెండేండ్ల తరువాత ఆ షిన్వెల్ అట్లీ మంత్రివర్గమున ఇంధన మంత్రి. 1947 జనవరి 1వ తేదీన గనులన్నియు జాతిపరమయ్యెను. ఆ యుదయము ప్రతి బావి ముంగిట, ఇకమీదట ఈ గని ప్రజల పక్షమున నడపబడునని తెలుపు పలక నాటిరి. వృద్ధులైన గనికార్మికులు దానిని చూచి కన్నీరు పెట్టుకొనిరని చదివితిని.

అట్లీ మంత్రివర్గము నొకసారి స్మరింపవలెను. విదేశాంగ మంత్రి ఎర్నెస్టు బెవిను పదునొకండవ యేట చదువు మాని పొలము పనికి పోయినవాడు. ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవాను బాల్యముననే వేల్సు గనిలోనికి దిగినవాడు. 1948 జూలై 5వ తేదీన ధనికునకును దరిద్రునకును ఒకే రీతి ఉచిత వైద్యము దొరకు నేర్పాటు చేసినవాడు. యుద్ధమంత్రి జాక్ లాసను డర్హము గనిబాలుడు. వారినడుమ అట్లీ వంటి విద్యాధికులును, ధనికుల బిడ్డలును కూర్చుండిరి. ఉభయులును కలసి కూర్చుండుటయే ఆ పార్టీ బలమని నేను తలచుచున్నాను.

ఇక క్షయము. అది 2019లో ఆరంభమైనదని పత్రికలు వ్రాసినవి. బ్లెయిరుతో ఆరంభమైనదని కొందఱందురు. నా లెక్కలో అది 1951 నాటిది. ఆ యేట డర్హము జిల్లా కౌన్సిలు, లేబరు వారి కౌన్సిలే, జిల్లా భవిష్యత్తునకు ఒక ప్రణాళిక వేసి, గ్రామములను నాలుగు తరగతులుగ విభజించెను. కడపటిదైన 'డి' తరగతిలో నూటికి పైగా గ్రామములు పడెను. అచట బొగ్గు అయిపోవుచున్నది. కావున అచట క్రొత్త యిండ్లు కట్టరాదు, ధనము వెచ్చింపరాదు, జనము పోయిన కొలది ఇండ్లు పడగొట్టవలెను. కొన్ని పల్లెలు పూర్తిగ నేలమట్ట మయ్యెను. ప్రణాళిక వేసినవారు దుర్మార్గులు కారు. గ్రామస్థులకు పీటర్లీ వంటి పట్టణములలో మంచి యిండ్లు దొరకుననియే వారి తలంపు. కాని తన యూరి పేరెదుట తన పార్టీ వారే 'డి' అని వ్రాసినది చూచినవానికి ఎట్లుండును? మన దేశమున ఆనకట్టల క్రింద మునిగిన ఊళ్లవారికి ఆ సంగతి తెలియును. ఆ విధానమును 1977లో గాని విడువలేదు.

పైగా 1964 మొదలు 1970 వఱకు హెరాల్డు విల్సను నడిపిన లేబరు ప్రభుత్వ కాలముననే దేశమున రెండు వందలకు పైగా గనులు మూతపడెను. చమురు చౌక యయ్యెను. బొగ్గు గిరాకి తగ్గెను. మార్గరెట్టు థాచరు గనులు మూయించెనని లోకమెల్ల ఎఱుగును. అంతకు ముందే మూసినవారెవ్వరో గనివాండ్రు ఎఱుగుదురు. అయినను పార్టీని విడువలేదు. కుటుంబమున జ్యేష్ఠుడు తప్పు చేసినను వేరు పడని తమ్ములవలె నుండిరి.

1984 మార్చిలో మొదలై యొక యేడాది సాగిన సమ్మె మీలో చాలమందికి జ్ఞాపక ముండును. దేశమంతట ఓటు తీసికొనకయే సమ్మె కట్టిరని ప్రభుత్వమును పత్రికలును దూషించినవి. పార్టీ నాయకుడు నీల్ కిన్నకు, తానును గనికార్మికుని కొడుకే, అటు సంఘమును కాదనలేక ఇటు సమర్థింపలేక నలిగిపోయెను. 1985 మార్చి 3వ తేదీన సమ్మె విరమించిరి. తమ పతాకములతో, మేళములతో, ఓడినవారివలె గాక ఊరేగింపుగ పనికి మరలిరి. తొమ్మిదేండ్లలోపల డర్హము గనులన్నియు మూతపడెను. ఈజింగ్టను 1993లో మూసిరి. ఆ యేటి చివరకు వియరుమౌతు గనియు మూతపడగా, దాని స్థలమున బంతులాట మైదానము కట్టిరి.

గని పోయినది. గనితో సంఘశాఖ పోయినది. యువకులు ఊళ్లు విడువగా ప్రార్థనామందిరములు పాడువడెను. పెద్ద అంగళ్లు రాగా సహకార దుకాణములు మూతపడెను. పార్టీకిని పల్లెకును నడుమ నున్న మెట్లన్నియు ఒక్కొక్కటిగ కూలెను. వెనుకటి కాలమున లండను పండితుడు వచ్చినను శాఖ ముంగిట నిలువవలసియుండెను. ఇప్పుడు నిలువవలసిన వాకిలియే లేదు.

ఇట్టి సమయమున 1994లో టోనీ బ్లెయిరు నాయకుడయ్యెను. ఇతని నియోజకవర్గము డర్హమునందలి సెడ్జ్‌ఫీల్డు. ఇతని యిల్లు ట్రిమ్డను అను పాత గనిపల్లెలో నుండెను. చదువుకొన్నది న్యాయశాస్త్రము. పార్టీ వరుసగా నాలుగుమార్లు ఓడియుండెను. కార్మికుల ఓట్లతో మాత్రమే ఇక గెలువజాలమని ఇతడు తలచెను. లెక్క తప్పు గాదు. కార్ఖానాలు తగ్గిన దేశమున కార్ఖానా కూలీల సంఖ్యయు తగ్గును గదా. 1995 ఏప్రిలులో సిడ్నీ వెబ్బు వ్రాసిన నాలుగవ నిబంధనను మార్చిరి. పార్టీ ఆత్మ అప్పుడే పోయినదని పెక్కురు వాపోయిరి. నాకట్లు తోపదు. అంతకు నాలుగు నెలల ముందే బొగ్గు పరిశ్రమను కన్సర్వేటివు ప్రభుత్వము ప్రైవేటు వారికి అమ్మివేసెను. నిబంధన కాగితముమీద నున్నను, గని ముంగిటి పలక ఊడినది.

1997లో లేబరు పార్టీ 418 స్థానములు గెలిచెను. కనీస వేతన చట్టము వచ్చినది. ఆసుపత్రులకు ధనము వచ్చినది. బొగ్గుధూళి వలన ఊపిరితిత్తులు చెడిన వృద్ధులకు పరిహారము వచ్చినది. ఇవి చిన్న ఉపకారములు గావు, ఆ పార్టీని తిట్టువారు వీనిని మఱచుట న్యాయము గాదు. కాని గనిపల్లె యువకునకు తండ్రి చేసినట్టి పని, ఆ పనితో వచ్చు మర్యాద మరల రాలేదు. గోదాములో మూటలు కట్టు పని, గంటల లెక్కన కూలి. మఱియు గెలుపు ఖాయమైన స్థానములకు లండనునుండి మంత్రుల సహాయకులు, ప్రచారకర్తలు అభ్యర్థులుగ దిగుచుండిరి. గనికార్మికుని బిడ్డ పార్టీ సమావేశమున కుర్చీలు వేయును; కూర్చుండువాడు వేఱొకడు. మిడ్ లానర్కులో కెయిర్ హార్డీకి జరిగినదే మరల జరుగుచున్నదని ఎవ్వరికిని తోచలేదు గాబోలు.

ఇచట నా తప్పిద మొకటి చెప్పుకొనవలెను. లేనిచో ఒడ్డున నిలిచి యీతగానిని తప్పుపట్టినట్లగును. నేను ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట మా గ్రామ సహకార పరపతి సంఘమునకు రెండుమార్లు అధ్యక్షుడనైతిని. చెఱువుకట్ట దిగువ నున్న చిన్న పల్లెవారు రెండుమార్లును నాకే ఓట్లు వేసిరి. మూడవసారి ఎన్నిక వచ్చినప్పుడు నేను సందేహము గల వీధులన్నియు తిరిగితిని. ఆ పల్లెకు మాత్రము పోలేదు. వారెక్కడికి పోవుదురు, మనవారే గదా యనుకొంటిని. ఎన్నికనాడు ఆ పల్లెలో సగము మంది రానే లేదు. వచ్చినవారిలో పెక్కురు ఎదుటివానికి వేసిరి. నేనోడితిని. తరువాత ఒక ముదుసలి రైతు నన్ను చూచి, "పంతులుగారూ, తమరు మా గడప తొక్కి నాలుగేళ్లయింది. మా ఓటుకు కాళ్లు లేవనుకున్నారా?" అని యడిగెను. నేను మాఱు పలుకలేకపోతిని. డర్హము చరిత్ర చదువునప్పుడెల్ల ఆ ముదుసలి మాటయే నా చెవిలో వినబడుచున్నది.

అచటను మొదట జరిగినది అదియే, ఓటు వేయక యింట కూర్చుండుట. 1997లో దేశమున నూటికి 71 మంది ఓటు వేయగా, 2001లో 59 మందియే వేసిరి. పార్టీ మరల గెలిచినందున ఆ ఖాళీ యెవ్వరికిని కానరాలేదు. లేబరు ఓట్లు 1997లో 1 కోటి 35 లక్షలు. 2005లో మూడవసారి గెలిచినప్పుడు సుమారు 95 లక్షలు. గెలుపు నడుమ నలువది లక్షల మంది జారిపోయిరి. 2003 నాటి ఇరాకు యుద్ధము కొందఱిని తరిమినది.

హెచ్చరికలు రాకపోలేదు. పూర్వము డర్హము జిల్లాలోని దగు హార్టిల్‌పూలు రేవున 2002లో నగరాధ్యక్షుని ఎన్నిక జరిగెను. అచటి బంతులాట జట్టుకు కోతివేషము వేసికొని ప్రేక్షకులను నవ్వించు యువకుడొకడు, బడిపిల్లలకు ఉచితముగ అరటిపండ్లు ఇత్తునని చెప్పి నిలిచి లేబరు అభ్యర్థిని ఓడించెను. అందఱును నవ్విరి, అతడు మాత్రము మఱి రెండుమార్లు గెలిచెను. 2004లో ఈశాన్య ప్రాంతమునకు ప్రత్యేక శాసనసభ నిత్తుమని లేబరు ప్రభుత్వమే ప్రజాభిప్రాయము కోరగా, నూటికి 78 మంది వలదనిరి. వలదనువారు రబ్బరుతో చేసిన పెద్ద తెల్ల యేనుగును గాలి నింపి ఊరూర త్రిప్పిరి. మఱొక మేపుడు ఖర్చు మాకు వలదని దాని భావము. గాలా ఉత్సవమునకు 1989లో కిన్నకు వచ్చిన తరువాత మరల 2012 వఱకు పార్టీ నాయకుడెవ్వడును రాలేదు. అందులో పది సంవత్సరములు ప్రధానమంత్రిగ నున్నవాని నియోజకవర్గము అదే జిల్లాలోని దని మఱువకుడు.

2004లో తూర్పు ఐరోపా దేశములవారికి ఆ ప్రభుత్వము తలుపులు తెఱచెను. వచ్చినవారు కష్టజీవులు, వారిమీద నిందవేయుట నా ఉద్దేశము గాదు. సముద్రములు దాటి కూలికిపోయిన మన తెలుగువారి చరిత్ర తెలిసినవాడెవ్వడును అట్లు నిందింపడు. కాని మా కూలి రేటు ఏమగునని అడిగిన పాత కార్మికునకు తన పార్టీ సమాధానము చెప్పుటకు మాఱుగ, అట్లడుగుటయే తప్పన్నట్లు చూచినది. 2016లో ఐరోపా సమాఖ్యలో నుండవలెనా విడువవలెనా యను ప్రశ్న వచ్చెను. పార్టీ ఉండవలెననెను, డర్హము జిల్లాలో నూటికి 57 మందికి పైగా విడువవలెననిరి. హార్టిల్‌పూలులో దాదాపు 70 మంది. ప్రశ్న ఐరోపాను గూర్చినదైనను, వారు జవాబు చెప్పినది లండనుకు. పార్టీ 2019లో ఆ ప్రశ్నను మరల అడిగెదమనెను. ఒకసారి చెప్పిన మాట వినబడలేదా యని పల్లెలు అనుకొనినచో ఆశ్చర్యమేమి? ఆ డిసెంబరులో బ్లెయిరు ఏలిన సెడ్జ్‌ఫీల్డు కన్సర్వేటివుల పాలయ్యెను. 1885లో ఏర్పడిన నాటినుండి ఒక్కసారియు కన్సర్వేటివులకు లొంగని బిషపు ఆక్లండును వారి పాలయ్యెను. 2021లో హార్టిల్‌పూలు పోయెను; ఆ యేడే డర్హము కౌన్సిలులో మెజారిటీ పోయెను.

ఈ వ్యాధి ఆ యొక్క సీమదే గాదు. హార్డీ పుట్టిన స్కాట్లండులో 2010లో 41 స్థానములు గెలిచిన పార్టీకి 2015లో మిగిలినది ఒక్కటి. గ్రీసు దేశమున పాసోక్ అను సోషలిస్టు పార్టీ 2009లో నూటికి 44 ఓట్లు పొంది, 2015 జనవరి నాటికి అయిదుకు దిగెను. ఫ్రాన్సు సోషలిస్టు పార్టీ అభ్యర్థికి 2022 అధ్యక్ష ఎన్నికలో నూటికి రెండు ఓట్లైనను రాలేదు. దేశమునకొక కారణము చెప్పుదురు. కార్ఖానాలు మూతపడుట అన్నిటికిని సమానమే. కాని గనులు మూసిన పార్టీకి దూరమగుట వేఱు, మూసిన నాడు పలుకరింపని పార్టీకి దూరమగుట వేఱు. డర్హము గనివాండ్రు మొదటిదానిని 1960 దశకమున క్షమించిరి. రెండవదానిని క్షమింపలేదు. నాకు తోచినది ఇంతియే.

2024 జూలైలో లేబరు పార్టీ 411 స్థానములతో మరల అధికారమునకు వచ్చినది. డర్హము స్థానములును మరలి వచ్చినవి. పార్టీ వారు పండుగ చేసికొనిరి. ఓట్లు లెక్కించి చూడగా నూటికి 34 లోపే. 2019లో ఓడినప్పుడు 1 కోటి 2 లక్షలు దాటిన ఓట్లు, గెలిచిన 2024లో 97 లక్షలు. ఎదుటి పార్టీ చీలినందున స్థానములు వచ్చినవి గాని వెళ్లినవారు రాలేదు. 2025 మే 1వ తేదీన డర్హము జిల్లా కౌన్సిలుకు ఎన్నికలు జరిగెను. 98 స్థానములలో రిఫారము అను క్రొత్త పార్టీకి 65 వచ్చెను. పీటర్ లీ కూర్చుండిన కౌన్సిలులో లేబరు పార్టీకి వచ్చినవి నాలుగు.

డర్హము పట్టణమున రెడ్‌హిల్సు అను చోట గనికార్మికులు తమ చందాలతో 1915లో కట్టించుకొన్న సభాభవన మొకటి కలదు. గనివాండ్ర పార్లమెంటని దానికి పేరు. ఒక్కొక్క శాఖ ప్రతినిధికి అంకె వేసిన ఒక్కొక్క ఆసనము. గాలా ఉత్సవము ఆగలేదు. బావి మూతపడి యాబదేండ్లయిన పల్లెలు సైతము, చిరిగిన పాత పతాకములకు బదులు క్రొత్తవి కుట్టించుకొని, జూలైలో మేళములతో వచ్చుచున్నవి. వానిలో కొన్నిటిమీద కెయిర్ హార్డీ బొమ్మయు, కొన్నిటిమీద అట్లీ బొమ్మయు నుండును.